ఛత్తా బజార్లో కుట్టించిన రికార్డు బుక్కు: 14 నెలలు వాడాక నా రివ్యూ

ఇది ఏ కంపెనీ వస్తువూ కాదు, ఆన్‌లైన్‌లో దొరకదు, దీనికో పేరు కూడా లేదు. పోయిన ఏడాది జూన్‌లో, స్కూళ్లు తెరవడానికి వారం ముందు, హైదరాబాద్ ఛత్తా బజార్లో ఒక చిన్న బైండింగ్ షాపులో నేను కుట్టించుకున్న బుక్కు. మనం ఇంటర్‌లో ఫిజిక్స్, బోటనీ రికార్డులు రాసేవాళ్లం కదా, కుడి వైపు గీతలు, ఎడమ వైపు బొమ్మల కోసం తెల్లగా వదిలేసిన పేజీ, అచ్చంగా అదే పేపరు. 200 ఆకులు, అంటే 400 పేజీలు, కుట్టు బైండింగు, వెన్ను మీద కాలికో అనే గట్టి నూలు గుడ్డ, పైన నల్ల రెక్సిన్ అట్ట. పేపరుకి 240, బైండింగుకి 160, మొత్తం 400 రూపాయలు అయ్యింది.

దేనికి వాడతానంటే, రాత్రి పిల్లలు పడుకున్నాక ఒక పది పదిహేను నిమిషాలు కూర్చుని ఆ రోజు ఇంట్లో నేనెలా ఉన్నాను, పిల్లలతో ఏం మాట్లాడాను, ఎక్కడ తప్పాను అని రాసుకోవడానికి. మాకు ఇద్దరు, పాపకి 9, బాబుకి 4. ఉండేది కొత్తపేటలో, నా ఆఫీసు అమీర్‌పేటలో, పొద్దున ఎనిమిదింటికి బయటపడితే మళ్లీ ఇల్లు చేరేది రాత్రి ఏడున్నరకి. అంటే రోజులో పిల్లలతో నాకు దొరికేది మూడు గంటలు, అందులో సగం తొందరపెట్టడంలోనే పోతుంది. ఆ మూడు గంటలు బాగా గడవాలని నాకు చాలా ఉంది, అందుకే ఇంత చిన్న వస్తువు గురించి ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

దీనికంటే ముందు వాడినవి కూడా చెప్పాలి. జనవరిలో ఒక డైరీ కొన్నాను, 650 రూపాయలు, మెత్తటి అట్ట, లోపల రిబ్బను, రోజుకో పేజీ, పైన తేదీ అచ్చు. ప్రతి పేజీలో కొన్ని డబ్బాలు, ఇవాళ నీ మూడ్ ఎలా ఉంది అని ఐదు మొహాలు, ఎన్ని గ్లాసుల నీళ్లు తాగావు, ఇవాళ థాంక్స్ చెప్పుకోవాల్సిన మూడు విషయాలు. పదకొండు రోజులు బాగానే నింపాను. తర్వాత బాబుకి జ్వరం, ఐదు రోజులు దాన్ని ముట్టుకోలేదు, ఆరో రోజు తెరిస్తే ఐదు తేదీలు ఖాళీగా కనబడ్డాయి, అచ్చం స్కూల్లో హాజరు పట్టీలో ఆబ్సెంట్ పడ్డట్టు. పాత పేజీలు గుర్తు తెచ్చుకుని నింపుదామని కూర్చున్నాను, రాలేదు, ఇంక మూసేశాను. ఫిబ్రవరి నుంచి అది టీవీ కింద డ్రాయర్లో ఉంది.

ఈ విషయంలో నాకు ధైర్యం ఇచ్చింది ఒక పరిశోధన. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని అందరూ చెప్తుంటారు కదా, లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ అనే ఆవిడ, ఆవిడ టీమ్, 96 మందిని 12 వారాలు గమనించారు, 2010లో అచ్చయింది. ఒక పని దానంతటదే జరిగిపోయే అలవాటుగా మారడానికి మధ్య లెక్కన 66 రోజులు పట్టిందట, మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంటుందని అంచనా వేశారు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటంలో పెద్ద తేడా ఏమీ రాలేదని కూడా చూశారు. నాకు కావాల్సింది ఆ మాటే. అప్పుడు నిర్ణయించుకున్నాను, తేదీ అచ్చేసి ఉన్న పుస్తకం ఇంక వద్దు, నేను రాసిన రోజే దాని మీద తేదీ పడాలి.

మధ్యలో ఒక ఆదివారం పేరెంటింగ్ వర్క్‌షాప్‌కి కూడా వెళ్లాం, మనిషికి 1500, ఏసీ హాలు, మూడు గంటలు స్లైడ్లు. చెప్పినవాళ్లు మంచివాళ్లే, విన్నంతసేపు బావుంది, ఇంటికొచ్చాక సోమవారం పొద్దున ఏడున్నరకి పాప ఒక సాక్సు దొరకట్లేదంటే మాత్రం ఆ స్లైడ్లు ఒక్కటీ గుర్తు రాలేదు.

బైండింగ్ షాపు ఎలా దొరికిందంటే, మా చెల్లి పెళ్లికి కార్డులు వేయించడానికి ఛత్తా బజార్ వెళ్లాను, హైదరాబాద్‌లో పెళ్లి కార్డులంటే సగం మంది వెళ్లేది అక్కడికే కదా. ప్రూఫ్ రావడానికి గంట పడుతుందన్నారు. పక్క షాపులో ఒక పెద్దాయన నేల మీద కూర్చుని పాత ఉర్దూ పుస్తకం ఒకటి విప్పి మళ్లీ కుడుతున్నాడు. నిలబడి చూస్తుంటే లోపలికి రమ్మన్నాడు. చాచా, రోజూ రాసుకోవడానికి ఒక గట్టి బుక్కు కావాలి అన్నాను. ఎంత కాలం ఉండాలి అని అడిగాడు. నా పిల్లలు పెద్దయ్యే దాకా అన్నాను. అప్పుడు బల్ల కింద నుంచి ఒక షాపు డైరీ తీసి మధ్యలో పట్టుకుని వెనక్కి విరిచాడు, రెండు పేజీలు చేతికొచ్చేశాయి. "గోంద్ వాలా నక్కో లేవ్ బేటా, ఏక్ సాల్ మే పన్నే నికల్ జాతే" అన్నాడు. జిగురుతో అంటించింది వద్దు, ఏడాదిలో పేజీలు ఊడిపోతాయి అని.

రికార్డు పేపరు ఆలోచన కూడా ఆయనదే. నేను గీతలుండాలి అన్నాను, ఒక్కోసారి పాప బొమ్మలేస్తుంది తెల్ల పేజీ కూడా ఉంటే బావుణ్ణు అన్నాను, ఆయన వెంటనే రికార్డు పుస్తకాలు నాలుగు కొనుక్కురా అన్నాడు. 100 పేజీలవి, ఒక్కోటి 60 రూపాయలు. నా ముందే అట్టలు తీసేసి పిన్నులు పీకేశాడు. ఐదు షీట్లు కలిపి మడిస్తే ఒక కట్ట, వాళ్లు దాన్ని జుజ్ అంటారు, అలాంటివి 20. ప్రతి జుజ్‌కి వెన్ను మీద ఆరతో మూడు చిల్లులు పొడిచి, మందపాటి నూలు దారానికి మైనం రాసి, ఒక జుజ్ లోంచి ఇంకో జుజ్‌లోకి దారం ముడేస్తూ కుట్టుకుంటూ పోతాడు. మైదా ఉడకబెట్టిన జిగురు, అందులో చిటికెడు మైలుతుత్తం, పురుగు పట్టకుండా. కుట్టాక షికంజాలో, అంటే చెక్క ప్రెస్సులో, బిగించి ఒక రాత్రి ఉంచుతాడు, తర్వాత కటింగ్ మిషన్ మీద మూడు వైపులా కోసి అట్ట వేస్తాడు. పెళ్లి కార్డు ప్రూఫ్ వచ్చేసినా నేను అక్కడి నుంచి కదల్లేదు.

ఇంక వాడకం. ముందుగా చెప్పాల్సింది, ఇది టేబుల్ మీద పెడితే ఏ పేజీ దగ్గరైనా పూర్తిగా తెరుచుకుని అలాగే ఉంటుంది, చేత్తో అదిమి పట్టుకోనక్కర్లేదు. ఇది ఎంత పెద్ద విషయమో పిల్లలున్నవాళ్లకే తెలుస్తుంది. మా బాబు రాత్రుళ్లు సగం నిద్రలో లేచి వచ్చి నా ఒళ్లో పడుకుంటాడు, ఎడమ చెయ్యి వాడి తల కింద ఉంటుంది, కుడి చేత్తో మాత్రమే రాయాలి. పాత డైరీ ఐతే వదిలితే మూసుకుపోయేది. పేపరు మామూలు లాంగ్ బుక్కు కంటే మందం, బాల్ పెన్నుతో రాస్తే వెనక్కి అసలు కనబడదు, జెల్ పెన్ను కొంచెం నీడలా కనబడుతుంది, ఇంకు పెన్ను మాత్రం వద్దు, అక్షరం అంచులు పాకిపోతాయి. నేను 045 రెనాల్డ్స్ నీలం పెన్నుతోనే రాస్తాను. పద్నాలుగు నెలల్లో ఒక్క పేజీ ఊడలేదు, ఒక్క దారం తెగలేదు, ఒకసారి బాబు పాల గ్లాసు పడేస్తే వెనక అట్ట కాస్త ఉబ్బింది, అంతే.

ఐతే బుక్కు ఎంత బాగున్నా, అందులో నేను రాసింది మొదటి రెండు నెలలు బాగాలేదు, ఇది కాస్త వివరంగా చెప్తాను.

జూన్ 18న ఇలా రాశాను: "పాప లంచ్ బాక్సు మళ్లీ అలాగే వెనక్కి తెచ్చింది. అడిగితే జవాబు లేదు. మొండితనం పెరుగుతోంది. గట్టిగా చెప్పాలి." జూన్ 25న మళ్లీ బాక్సు, మళ్లీ మొండితనం. జూలైలో నాలుగు సార్లు. మధ్యమధ్యలో హోంవర్క్ చెయ్యలేదు, తమ్ముణ్ణి నెట్టింది, ఎదురు చెప్పింది. నేను నన్ను బాగు చేసుకోవడానికని కొన్న పుస్తకంలో రెండు నెలల పాటు రాసింది మొత్తం పాప మీద కంప్లైంట్లే, స్కూలు డైరీలో టీచర్లు ఎర్ర ఇంకుతో రిమార్కు రాస్తారే, నేను నీలం ఇంకుతో రాశాను.

ఆగస్టులో ఒక సాయంత్రం, గ్యాస్ సిలిండర్ వచ్చిందంటే బుక్కు డైనింగ్ టేబుల్ మీద తెరిచి వదిలేసి కిందికి వెళ్లాను. వచ్చేసరికి పాప కుర్చీ మీద మోకాళ్లేసుకుని చదువుతోంది. ఇంగ్లీషు మీడియం పిల్ల, తెలుగు ఒక్కో అక్షరం కూడబలుక్కుని పైకి చదువుతుంది. మొం, డి, త, నం. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. "నాన్నా, మొండితనం అంటే ఏంటి?" అని అడిగింది. ఏడవలేదు, కోపంగా కూడా లేదు, నిజంగా ఆ మాటకి అర్థం తెలియక అడిగింది. చెప్పిన మాట వినకపోవడం అని చెప్పాను, గొంతు సరిగ్గా రాలేదు. కాసేపు ఆ పేజీ వైపే చూసి "బాక్సు మూత రాలేదు నాన్నా" అంది.

మూత రాలేదు. స్టీలు బాక్సు, ఒత్తితే బిగుసుకునే మూత. మా ఆవిడ పొద్దున ఏడింటికి వేడి వేడి పప్పన్నమో పులిహోరో పెట్టి వెంటనే మూత నొక్కేస్తుంది, మధ్యాహ్నం పన్నెండున్నరకి అది చల్లారిపోతుంది, లోపలి ఆవిరి నీళ్లైపోయి లోపల ఒత్తిడి తగ్గుతుంది, బయటి గాలి మూతని అదిమి పట్టేస్తుంది. మర్నాడు నేనే అదే బాక్సులో అలాగే వేడన్నం పెట్టించుకుని ఆఫీసుకి తీసుకెళ్లాను, ఒంటిగంటకి తెరవబోతే నా వేళ్లకి కూడా రాలేదు, స్పూను కాడ మూత అంచు కింద పెట్టి లేపితే టప్ మని వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల వేళ్లకి ఏం వస్తుంది. పోయిన ఏడాది దాకా పక్కన కూర్చునే ఫ్రెండు తీసి పెట్టేదట, జూన్‌లో ఆ అమ్మాయి వేరే సెక్షన్‌కి వెళ్లిపోయింది. మిస్‌ని అడగాలంటే సిగ్గు. మరి ఇంట్లో ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను. "నువ్వు అరుస్తున్నప్పుడు నాకు చెప్పడం రాదు" అంది.

ఆ రాత్రి నేను కొత్త పేజీ తీయలేదు. జూన్ 18 పేజీ వెతికి, దానికి ఎదురుగా ఎడమ వైపు తెల్ల పేజీలో తేదీ వేసి "మూత రాలేదు" అని రాశాను. జూన్ 25కి ఎదురుగా కూడా అదే. జూలైలో నాలుగు చోట్లా అదే. ఆ వారమే క్లిప్పుల బాక్సు కొన్నాం, అన్నం కూడా ఆవిరి పోయాకే మూత పెడుతున్నాం. బాక్సు ఖాళీగా వస్తోంది.

అప్పటి నుంచి ఎడమ పేజీకి నా దగ్గర వేరే పని వచ్చింది. కుడి వైపు ఆ రోజు రాత్రి నాకు తెలిసింది రాస్తాను, ఎడమ వైపు వదిలేస్తాను, తర్వాత రెండు రోజులకో నెలకో అసలు సంగతి తెలిస్తే అక్కడ రాస్తాను. ఒక కుడి పేజీలో "బాబు ఫంక్షన్ హాల్లో కింద పడి దొర్లి ఏడ్చాడు, అందరి ముందు పరువు పోయింది" అని ఉంది, దానికి ఎదురుగా "వడ్డన ఆలస్యమైంది, వాడికి మూడున్నర దాకా ఏమీ పెట్టలేదు మేము" అని ఉంది. ప్రతిసారీ పిల్లలదే ఒప్పు అవుతుందని కాదు, ఫోను దాచుకుని చూసిన సంగతిలో ఎడమ పేజీ కూడా నేను అనుకున్నదే చెప్పింది. చాలా ఎడమ పేజీలు ఖాళీగానే ఉన్నాయి, ఉండనీ, వాటి మీద తేదీలు లేవు కాబట్టి నన్నేమీ అడగవు.

కుడి పేజీకి కూడా ఒక రూల్ పెట్టుకున్నాను, ఇది రాస్తూ రాస్తూ కనిపెట్టింది. మన తెలుగులో కోపం దానంతటదే వస్తుంది, చెయ్యి దానంతటదే లేస్తుంది, మాట దానంతటదే జారుతుంది. "కోపం వచ్చింది, నోరు జారింది, చెయ్యి లేచింది" అని మూడు వాక్యాలు రాసి చూసుకుంటే అందులో నేను ఎక్కడా లేను, అన్నీ వాటంతటవే జరిగిపోయాయి. అందుకని ఈ బుక్కులో "కోపం వచ్చింది" రాయకూడదు. "అరిచాను" అని రాయాలి. "పుస్తకం విసిరాను" అని రాయాలి. ఏ మాటకి అరిచానో ఆ మాట కూడా రాయాలి. మొదట్లో చెయ్యి ఆగిపోయేది. ఒక నెల అలా రాశాక, పగలు అరవబోతున్నప్పుడే రాత్రి రాయాల్సిన వాక్యం గుర్తొచ్చేది, అన్నిసార్లూ కాదు కానీ కొన్నిసార్లు అక్కడే ఆగాను.

తన తప్పులు తానే లెక్కేసుకోవడం కొత్తేం కాదు. అమెరికా నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 13 మంచి గుణాలు రాసుకుని చిన్న పుస్తకంలో పట్టీ గీసుకున్నాడు, వారానికి ఒక గుణం మీద దృష్టి పెట్టడం, రోజూ తను తప్పిన చోట ఒక నల్ల చుక్క పెట్టడం, 13 వారాలకి ఒక రౌండు, ఏడాదికి నాలుగు రౌండ్లు. పాత చుక్కలు గీకేసి మళ్లీ అదే పుస్తకం వాడటం వల్ల కాగితానికి చిల్లులు పడ్డాయట, చివరికి దంతపు రేకులున్న పుస్తకంలోకి మార్చుకుని, పెన్సిల్ చుక్కలు తడి స్పాంజితో తుడుచుకునేవాడు. నేను మాత్రం చెరపను. చెరిపేస్తే జూన్ 18కి ఎదురుగా ఆ రెండు మాటలు రాయడానికి చోటే ఉండేది కాదు.

ఇంకొక వాడకం. పోయిన నవంబర్‌లో ఒకరోజు పాపకి 14వ ఎక్కం చెప్తూ వీపు మీద కొట్టాను. కొట్టాక నా చెయ్యి చూసుకుంటే మా నాయిన చెయ్యి గుర్తొచ్చింది. సూర్యాపేటలో మా ఇంటి ముందు వేపచెట్టు కింద నిలబెట్టి 20 దాకా ఎక్కాలు అప్పజెప్పించుకునేవాడు, తప్పితే స్కేలు నిలువుగా వేళ్ల కణుపుల మీద. ముప్పై ఏళ్లలో ఇది ఎవరికీ చెప్పలేదు. జేమ్స్ పెన్నిబేకర్ అనే అమెరికా సైకాలజిస్టు, సాండ్రా బీల్ కలిసి 1986లో అచ్చేసిన ప్రయోగం గురించి అంతకుముందే చదివాను, కాలేజీ పిల్లలు రోజుకి 15 నిమిషాల చొప్పున వరసగా నాలుగు రోజులు తమ జీవితంలో బాగా బాధపెట్టిన సంగతి గురించి రాశారు. జరిగిందీ, అప్పుడు ఏమనిపించిందీ రెండూ కలిపి రాసినవాళ్లకి రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కింది, కానీ తర్వాతి నెలల్లో వాళ్లు కాలేజీ హెల్త్ సెంటర్‌కి మామూలు సంగతులు రాసినవాళ్ల కంటే తక్కువసార్లు వెళ్లారు. నేనూ ఫోన్లో 15 నిమిషాల టైమర్ పెట్టుకుని నాలుగు రాత్రులు రాశాను.

మొదటి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు, అది ముందే తెలుసు కాబట్టి ఆపలేదు. మూడో రాత్రి రాస్తుంటే అప్పటిదాకా గుర్తు రానిది గుర్తొచ్చింది, మా నాయిన ఆర్టీసీలో కండక్టరు, నైట్ డ్యూటీ దిగి తెల్లవారి ఐదింటికి ఇంటికొచ్చి, పడుకోకుండా ఆరింటికి నన్ను లేపి కూర్చోబెట్టేవాడు, ఆ ఖాకీ చొక్కాతోనే. నాలుగో రాత్రి అర పేజీతో అయిపోయింది. ఆ ఆదివారం ఫోన్ చేసి కొట్టిన సంగతి ఏం ఎత్తలేదు, నాయినా నువ్వు ఎక్కాలు ఎవరి దగ్గర నేర్చుకున్నవే అని మాత్రం అడిగాను. "నాకెవరు నేర్పిండ్రు రా, బస్సుల టికెట్లు కొట్టుకుంట నేర్చుకున్న. నీకన్న ఎవరో ఒకరు నేర్పాలె అనుకున్న" అన్నాడు. ఆ మాట నాలుగో రాత్రి పేజీకి ఎదురుగా ఎడమ వైపు ఉంది. 14వ ఎక్కం ఇప్పుడు మెట్రోలో ఎస్కలేటర్ మెట్లు లెక్కపెడుతూ చెప్పుకుంటాం, పాపని మళ్లీ కొట్టలేదు.

ఇక్కడ ఒక మాట, మామూలు రోజుల బరువుకి ఈ బుక్కు సరిపోతుంది. నిద్ర లేక, తిండి సయించక, బతకాలని లేదనిపించే స్థితిలో ఉన్నవాళ్లు దయచేసి బుక్కు మీద ఆధారపడొద్దు, 14416కి ఫోన్ చేయండి, అది టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

లోపాలు కూడా చెప్పాలి. వారంలో ఇస్తానన్నది పదిహేను రోజులకి ఇచ్చాడు, రెండుసార్లు వెళ్లి వట్టి చేతులతో వచ్చాను, కొత్తపేట నుంచి అంత దూరం, పని రోజుల్లో కష్టం. కింది అంచు కటింగ్ కొంచెం ఏటవాలుగా పోయింది, ఒక మూల నుంచి ఇంకో మూలకి అర సెంటీమీటరు తేడా, పేజీ అడుగున చివరి గీత కొన్ని పేజీల్లో సగమే ఉంది. మొదటి నెల మైదా వాసన, వానాకాలంలో మళ్లీ వస్తుంది, బీరువాలో పెట్టకుండా గాలి తగిలే చోట పెడితే పోతుంది. బరువు ఎక్కువ, బ్యాగులో మోయలేం. రిబ్బను అడగడం మర్చిపోయాను, మీరు అడగండి. ఫోన్ యాప్‌లో లాగా వెతకడం కుదరదు, నేను చివరి రెండు ఆకుల్లో ఏ సంగతి ఏ తేదీన ఉందో ఒక చిన్న పట్టిక రాసుకుంటున్నాను. ఇంకోటి, దీనికి తాళం ఉండదు. పిల్లలు చదువుతారు అనుకునే రాయాలి. నాకు అది మంచే చేసింది కానీ భార్యాభర్తల గొడవలు, డబ్బు సంగతులు ఇందులో రాయకండి, అవి విడిగా ఉండాలి.

ఇప్పటిదాకా 200 కుడి పేజీల్లో 163 అయ్యాయి. పద్నాలుగు నెలలంటే 420 రోజుల పైనే, అంటే వారానికి మూడు రోజులు కూడా రాయలేదు. ఐనా ఆగిపోలేదు. మొన్న కూర్చుని లెక్కపెట్టాను, "అరిచాను" అన్న మాట పోయిన సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా 29 సార్లు ఉంది, ఈ మే, జూన్, జూలైలో 12 సార్లు. రాయని రోజుల్లో అరిచినవి ఇందులో లేవు, అది ఒప్పుకోవాలి. మా ఆవిణ్ణి అడిగితే తగ్గింది నిజమే, కానీ పొద్దున ఏడున్నర నుంచి ఎనిమిది మధ్య ఏం తగ్గలేదు అంది. పేజీలు చూస్తే ఆ 12లో 9 ఆ అరగంటవే. దాంతో రాత్రే బ్యాగులు సర్దేసి, సాక్సులు షూలలో పెట్టేసి పడుకుంటున్నాం, నేను పావుగంట ముందు లేస్తున్నాను. మూడు వారాలైంది, బాగానే ఉంది.

మీరు చేయించుకోవాలంటే, రెడ్ లైన్ మెట్రోలో ఎంజీబీఎస్ దగ్గర దిగి ఆటో ఎక్కితే సరిపోతుంది, సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గర్లోనే. కార్డుల షాపుల మధ్య సందుల్లో బైండర్లు ఉంటారు, ఒక్కరి పేరే చెప్పడం నాకు ఇష్టం లేదు, ముగ్గురిని అడిగి చూడండి. జుజ్ కుట్టు కావాలి అని ఆ మాటే అనండి, అర్థమైపోతుంది. పేపరు మీరే కొనిస్తే మంచిది. వెన్ను మీద కాలికో గుడ్డే వేయించండి, రెక్సిన్ వెన్ను మడత దగ్గర పగులుతుంది. శుక్రవారం వెళ్లొద్దు, నేను వెళ్లే షాపు మూసి ఉంటుంది, మ్యూజియానికి కూడా ఆరోజే సెలవు.

మ్యూజియం ఎందుకంటున్నానంటే పోయిన ఆదివారం పాపని తీసుకెళ్లాను, తనకీ ఒక బుక్కు కావాలంది. ముందు మ్యూజియంలో గడియారం దగ్గర కూర్చున్నాం, గంట కాగానే లోపల నుంచి చిన్న బొమ్మ మనిషి వచ్చి గంట కొట్టి వెళ్తాడే, అది, పన్నెండింటికి పన్నెండు కొట్టేదాకా పాప వేళ్ల మీద లెక్కపెట్టింది. తర్వాత చాచా దగ్గరికి వెళ్లాం. గుడ్డల కట్ట ముందు పెడితే లేత నీలం కాలికో ఎంచుకుంది. పేపరు ఏది అని అడిగితే రెండు వైపులా తెల్లదే కావాలంది, గీతలుంటే బొమ్మలు వేయడానికి ఉండదట, రాయాలనిపిస్తే గీతలు తనే గీసుకుంటుందట. 100 ఆకులు, మొత్తం 230 చెప్పాడు. గురువారానికి ఇస్తానన్నాడు, అంటే మేం శనివారం వెళ్తాం. ఫోన్ చేస్తే ఇంకా షికంజాలో ఉంది అన్నాడు.